పొద్దున చూద్దాంలే

అల్ మవాలే, మస్కట్
2 ఫిబ్రవరి 2024

ప్రభువునందు గౌరవనీయులైన అత్తయ్య గారికి మీ కోడలు ఫేబా వందనములు.

మీరిక్కడి నుంచి వెళ్ళి నెల కావస్తోంది. ఫోన్లో నేనొకటి అడిగితే మీరొకటి చెబుతున్నారు. మొన్న "మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయత్తయ్యా" అంటే "కొబ్బరి దింపించానమ్మా, ఈసారి కాయ బాగా కాసింది" అన్నారు. మొగల్తూరులో సిగ్నల్ అంతేనేమో. అయినా గట్టిగా అరిచి చెప్పే సంగతులేం ఉన్నాయి నా దగ్గర? మా డయాలసిస్ యూనిట్లో నాతోపాటు పనిచేసే రాహిల్ సెలవు మీద పాలకొల్లు వస్తోంది. ఈ ఉత్తరం తనే తెచ్చిస్తుంది. జవాబు తన చేతికే ఇవ్వండి.

నేను డ్యూటీలో చేరాను. ఇంకా సెలవుంది గానీ ఇంట్లో కూర్చోలేకపోయాను. ఎల్లుండి ఆదివారానికి పాప పోయి పన్నెండు వారాలు. కడుపులోనే పోయిన బిడ్డకి వారాలు లెక్కపెట్టకు అంటారు మీ అబ్బాయి. నేను పెడుతూనే ఉన్నాను.

ఉయ్యాల ఆయనే ఎవరికో ఇచ్చేశారు. ఎవరికని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ మూల బోడిగా కనిపిస్తుంటే చూడలేక, మీ మనీ ప్లాంటు తీగని అటువైపు మళ్ళించాను. మీరు హార్లిక్స్ సీసాలో వేళ్ళు తెప్పించి కుండీలో పెట్టి, గోడకి మేకులు కొట్టి పాకించిన తీగే. అది ఇప్పుడు కిటికీ దాటింది. కానీ కింది ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి. రోజూ నీళ్ళు పోస్తున్నాను. డ్యూటీ నుంచి రాగానే చెప్పులు కూడా విప్పకుండా ముందు దానికే పోస్తాను. పోసినకొద్దీ ఇంకో ఆకు పసుపు. ఏం చెయ్యాలో రాయండి.

మీ అబ్బాయికి గోడౌనులో పని ఎక్కువగా ఉంది. మిమ్మల్ని అడిగానని చెప్పమన్నారు.

మీ
ఫేబా


మొగల్తూరు
24 ఫిబ్రవరి 2024

నా కోడలు ఫేబాకు జ్ఞానాంబ దీవెనలు. ఆదరించే దేవుడు నీ పక్కన కూర్చుండును గాక.

రాహిల్ వచ్చింది. మంచి పిల్ల. ఎదురుగా కూర్చుని నెమ్మదిగా, నోరారా మాట్లాడుతుంది. ఈ కాలపు పిల్లలు సగం మాట నోట్లోనే మింగేస్తారు. బెల్లం వేసి చేసిన కొబ్బరి లౌజు తన చేత పంపుతున్నాను, నువ్వూ లెవీ తినండి.

ఉత్తరమే మేలమ్మా. ముప్పై ఏళ్ళు బైబిలు స్త్రీగా సంచి తగిలించుకుని వాక్యం చెబుతూ ఊరూరా తిరిగినదాన్ని, రాయడం నాకు బరువు కాదు. ఫోనంటేనే చిరాకు. ఇకమీదట ఇలాగే రాసుకుందాం.

మొక్క సంగతి. దానికి జబ్బేమీ లేదు, నువ్వే నీళ్ళతో ముంచేస్తున్నావు. మట్టిలోకి వేలు పెట్టి చూడు. రెండు కణుపుల లోతు పొడిగా ఉంటేనే పొయ్యి. కుండీ కింద పళ్ళెంలో నిలిచిన నీళ్ళు పారబొయ్యి, వేళ్ళు కుళ్ళేది అక్కడే. ఏసీ గాలి నేరుగా తగలనియ్యకు. మీ ఊళ్ళో ఎండాకాలం కుళాయి తిప్పితే టీ కాచుకోవచ్చు, అలాంటి నీళ్ళు పొయ్యకు. బకెట్లో పట్టి చల్లారాక పొయ్యి. వారానికోసారి తడిగుడ్డతో ఆకులు తుడువు, ఆ దుమ్ముకి ఊపిరాడదు. అంతకుమించి దాన్ని ముట్టుకోకు. చేతులు ఊరుకోక నీళ్ళు పోస్తున్నావని నాకు తెలుసు. దాని మానాన దాన్ని వదిలెయ్యి. మొండిది, దానికేం కాదు.

మన గుడికి కొత్త రేకులు వేశారు. వానపడితే ప్రసంగం ఒక్క ముక్క వినపడటం లేదని అందరూ గోల. నేను మాత్రం ముందు బల్ల మీద కూర్చుని అయ్యగారి మొహమే చూస్తుంటాను, నాకు తేడా తెలియలేదు.

లెవి ఒక్క మాట రాయలేదేం? "అడిగానని చెప్పమన్నారు" అంటే సరిపోయిందా? తల్లికి రెండు ముక్కలు రాయడానికి గోడౌను అడ్డమొచ్చిందా? నువ్వు దగ్గర కూర్చుని రాయించు.

నీ అత్త
జ్ఞానాంబ


అల్ మవాలే
5 ఏప్రిల్ 2024

అత్తయ్య గారికి వందనములు.

మీ ఉత్తరమూ లౌజూ అందాయి. నీళ్ళు తగ్గించాను. పసుపు ఆగింది. మీరు చెప్పినట్టే మట్టి పొడిగా ఉంటేనే పోస్తున్నాను. పోయినవారం దుమ్ము రేగి కిటికీలోంచి ఎదురు బిల్డింగు కనపడలేదు. ఆకులన్నీ తుడిచాను, గుడ్డ ఎర్రగా అయింది. తీగ మొదట్లో మాత్రం ఒక్క ఆకూ లేదు, బోసిగా తాడులా ఉంది. కొసన మాత్రం ఆకులేసుకుంటూ పోతోంది.

మీ అబ్బాయిని సహం బ్రాంచికి వేశారు. ఇక్కడికి రెండు గంటల దారి. అక్కడే రూమ్ ఇచ్చారు. శుక్రవారాలు వస్తారు.

మా యూనిట్‌కి వారానికి మూడుసార్లు వచ్చే ఒక ముసలావిడ ఉంది. ఇక్కడి మనిషే. నేను కడుపుతో ఉన్నప్పుడు ఖర్జూరాలు తెచ్చిచ్చేది. ఆవిడ మధ్యలో కొన్నాళ్ళు వేరే ఆసుపత్రిలో ఉండి మొన్నే మళ్ళీ వచ్చింది. నన్ను చూడగానే రెండు చేతులూ ఊయలలా ఊపి, "బేబీ?" అని నవ్వింది. నేను సూది గుచ్చబోతున్నదాన్ని ఆగిపోయాను. రాహిల్ వచ్చి నా చేతిలో ట్రే తీసుకుంది.

మొక్క గురించి రాయడం తప్ప నాకేం తోచడం లేదు. తప్పుగా అనుకోకండి.

ఫేబా


మొగల్తూరు
30 ఏప్రిల్ 2024

ప్రియమైన ఫేబాకు, నీ పేరు తలవని పూట లేదు.

నీ ఉత్తరం పోస్టులో పదిహేడు రోజులకి చేరింది. పోస్టుమాన్ సైకిలు మానేసి బండి కొన్నాడు, ఉత్తరం మాత్రం సైకిలు మీదే వచ్చినట్టుంది.

తీగ మొదలు బోసిపోయి కొస సాగుతుంటే ఒకటే మందు. కోసెయ్యి. భయపడకు, చెయ్యి వణకనియ్యకు. పదునైన కత్తెరతో కణుపుకి కాస్త కింద కోసి, ఆ ముక్క నీళ్ళలో పెట్టు. పది పదిహేను రోజుల్లో వేళ్ళొస్తాయి. మొదలు కూడా ఊరుకోదు, పక్కనుంచి చిగురేస్తుంది. పోయినదాని కోసం బెంగపెట్టుకుని అలాగే వదిలేస్తే నీరసించి వెనకబడుతుంది. ఒకటి పోతే రెండొస్తాయి. మొండి జాతి అది.

శుక్రవారం లెవి వస్తే వేడిగా వండి పెట్టు. పొద్దస్తమానం ఆ మొక్కనే చూస్తూ కూర్చుంటే మగవాడికి ఇల్లు బాగుండదు. కోపగించుకోకు, తల్లిని, చెప్పక తప్పదు.

నా మోకాళ్ళు పరవాలేదు.

నీ అత్త
జ్ఞానాంబ


అల్ మవాలే
7 జూన్ 2024

అత్తయ్య గారికి,

ఒకటి పోతే రెండొస్తాయా?

ఈ మాట ఎవరికి రాస్తున్నారో తెలిసే రాశారా మీరు? పోయినదాని కోసం బెంగపెట్టుకోకూడదా? నేను కోసుకుని నీళ్ళలో పెట్టుకునేదాన్నా?

మీ మొక్కని నేను కొయ్యలేదు. గోడ మీదినుంచి పట్టుకుని లాగాను. గాలివేర్లు పెయింటుతో సహా ఊడొచ్చాయి, గోడంతా మచ్చలు పడ్డాయి. కుండీ బాల్కనీలో పడేశాను. మే నెల ఎండలో మూడు వారాలు చుక్క నీళ్ళు పొయ్యలేదు. ఆకులన్నీ కాగితాల్లా మాడిపోయాయి. నిన్న గోటితో గీరి చూస్తే కాండం లోపల పచ్చగానే ఉంది. చావదు అది. నీళ్ళు లేకపోయినా, వెలుతురు లేకపోయినా, ఎవరికీ అక్కర్లేకపోయినా బతుకుతుంది. తొమ్మిది నెలలు ఉప్పూకారం లెక్కచూసుకుని, బోర్లా పడుకోకుండా, మెట్లెక్కకుండా కాపాడుకున్నది మాత్రం పోయింది. మొండిది, దానికేం కాదు అని రాశారు ఫిబ్రవరిలో. ఆ మాట చదివిన రోజు నేను బాత్రూంలోకెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఎందుకో మీకు గుర్తులేదా? నాకు ప్రతి ముక్కా గుర్తుంది. రాస్తున్నాను.

నవంబరు పదకొండు, శనివారం. సాయంత్రం ఐదున్నర. మీరు స్టూలెక్కి కిటికీ పక్కన మేకుకి తీగని దారంతో కడుతున్నారు. నేను సోఫాలో ఎడమ పక్కకి తిరిగి పడుకుని ఉన్నాను. గంటసేపు చెయ్యి పొట్ట మీద పెట్టుకుని చూశాక అన్నాను. "అత్తయ్యా, మధ్యాహ్నం నుంచి కదలడం లేదు" అని. మీరు వెనక్కి కూడా తిరగలేదు. దారం ముడేస్తూనే అన్నారు. "దానికేం కాదే, మొండిది. పొద్దున చూద్దాంలే."

ఊళ్ళల్లో నలభై కాన్పుల దగ్గర నిలబడిన మనిషి మీరు. నేను ఊరుకున్నాను. తొమ్మిదింటికి మీ అబ్బాయి వస్తే చెప్పాను. "అమ్మేమంది?" అన్నారు. "పొద్దున చూద్దామన్నారు" అన్నాను. "అమ్మకి తెలుసులే" అని ఆయన భోజనానికి కూర్చున్నారు.

పొద్దున ఏడింటికి స్కాన్ చేసిన డాక్టరు మెషిన్ని నావైపు నుంచి అటు తిప్పేసుకుంది. నేను నర్సుని కదా, ఆ తిప్పడమే చాలింది.

ఈ ఏడు నెలల్లో మిమ్మల్ని ఒక్క మాట అనలేదు. పాప పోయాక మీరు ఇక్కడున్న రెండు నెలలూ మీరు కలిపిన అన్నమే తిన్నాను. మార్చిలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి మీ అబ్బాయితో అన్నాను, "మీ అమ్మ ఆపకపోతే వెళ్ళేదాన్ని" అని. ఆయన లేచి, బ్యాగు సర్దుకుని, సహం వెళ్ళిపోయారు. బదిలీ ఆయనే అడిగి వేయించుకున్నారు. శుక్రవారాలు వస్తున్నారని మీకు రాసింది అబద్ధం. ఒక్క శుక్రవారమూ రాలేదు. ఐదు వారాలుగా ఫోను కూడా లేదు.

వేడిగా ఎవరికి వండి పెట్టమంటారు?

ఫేబా


మొగల్తూరు
1 జూలై 2024

ఫేబా,

నాకు వినపడలేదు.

ఇంకోలా మొదలుపెడదామని మూడు కాగితాలు చించాను. ఇంకోలా లేదు. ఆ సాయంత్రం నువ్వు చెప్పిన మాట నాకు వినపడలేదు.

నా కుడి చెవి పోయి ఎనిమిదేళ్ళయింది. ఎడమ చెవి సగం. ఎదురుగా ఉంటే పెదాలు చూసి మాట పట్టుకుంటాను. వెనకనుంచి పిలిస్తే గాలి వచ్చినట్టుంటుంది అంతే. ఎవరికీ చెప్పలేదు. సేవ మాన్పిస్తారని మొదట భయం. తర్వాత నీకు నెల తప్పిందని తెలిసినప్పుడు, చెవిటిదాన్ని పసిబిడ్డ దగ్గరికి రానివ్వరని భయం. బిడ్డ ఏడిస్తే వినపడని మనిషి ఎందుకంటారు కదా. అందుకని మీ ఇంట్లో అడుగుపెట్టిన రోజునుంచీ అన్నిటికీ నవ్వి తలూపాను. నువ్వు గిన్నెలు సర్దమంటే టీ పెట్టేదాన్ని. మీరిద్దరూ పెద్దావిడ పరధ్యానం అనుకునేవారు. నేను అలాగే అనుకోనిచ్చాను.

ఆ రోజు పొద్దున కాఫీ తాగుతూ నువ్వే అడిగావు, నా మొహంలోకి చూస్తూ. "ఈ తీగేంటత్తయ్యా, రెండు వారాలుగా కదలడం లేదు" అని. పగలంతా అదే నా మనసులో ఉంది. అందుకే సాయంత్రం స్టూలెక్కాను. వెనకనుంచి నీ గొంతు వచ్చింది. "కదలడం లేదు" అన్న ముక్క ఒక్కటే తగిలింది. పొద్దున అడిగిందే మళ్ళీ అడుగుతున్నావనుకున్నాను. దానికేం కాదే, మొండిది, పొద్దున చూద్దాంలే అన్నాను. మన మాటల్లో ఆడపిల్లా, మొక్కా రెండూ "అదే". నేను తీగని అన్నాను. నువ్వు పాపని విన్నావు.

మర్నాడు మీరిద్దరూ చెప్పులేసుకుంటుంటే నెలవారీ చెకప్పనుకున్నాను. తిరిగొచ్చి తాగుతావని రాగి జావ కాచి మూత పెట్టాను.

ఈ సంగతి నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు ఫేబా. నువ్వు నాకు చెప్పావనే తెలియదు. ఒకటి పోతే రెండొస్తాయని రాసింది మొక్క గురించే. నమ్మినా నమ్మకపోయినా అదే నిజం.

ఇంకొకటి. లెవి సహంలో లేడు. మే పన్నెండున ఇక్కడికి వచ్చాడు. నువ్వే పొమ్మన్నావని చెప్పాడు. నీకు చెప్పకుండా వచ్చాడని నాకేం తెలుసు? కొడుకుని ఇంట్లోంచి పంపేసి నాకు మొక్కల కబుర్లు రాస్తోందని నీమీద మనసు కష్టపెట్టుకున్నాను. ఏప్రిల్లో కాస్త కటువుగా రాసినదానికే ఇంత చేసిందా అనుకున్నాను. వాడు నా చేతి అన్నం తినడు. హోటలు నుంచి తెచ్చుకుని అరుగు మీద కూర్చుని తింటాడు. నా మొహం వంక చూడడు. ఎందుకో నిన్నటిదాకా అర్థం కాలేదు.

తల్లి ఆపిందనుకుంటున్నాడు. నేను ఆపలేదు, వినలేదు అని వాడికి చెప్పనా? చెబితే ఏమవుతుంది? ఆపిన తల్లి కన్నా దాచిన తల్లి మేలంటావా? నాకు తెలియడం లేదు. నువ్వు చెప్పినట్టు చేస్తాను.

జ్ఞానాంబ


అల్ మవాలే
26 జూలై 2024

అత్తయ్య గారికి,

మీ ఉత్తరం లంచ్ బ్రేక్‌లో చదివాను. తర్వాత ఇద్దరు పేషెంట్లకి మెషిన్ పెట్టాను, చార్టులు రాశాను. నా చేతులు ఎలా పనిచేశాయో తెలియదు.

మీ అబ్బాయి ఊళ్ళో ఉన్నారని మీ కాగితం చూసే తెలిసింది. నేను పొమ్మనలేదు.

మీరు నమ్మమన్నారు. నమ్మాను. కానీ నమ్మినంత మాత్రాన కోపం పోలేదు, ఇది రాయకపోతే నేనూ మీలాగే దాచినదాన్నవుతాను. వచ్చిన రోజే ఒక్క మాట, "నాకు వినపడదమ్మా, ఎదురుగా వచ్చి చెప్పు" అని ఉంటే? ఎయిర్‌పోర్టులోనే అని ఉంటే? మిమ్మల్ని వెనక్కి పంపేవాళ్ళమా? ఆ ఒక్క మాటకి మీరు సిగ్గుపడ్డారు. ఇది తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. మళ్ళీ స్టూలు మీద మీరు నిలబడిన తీరు గుర్తొస్తుంది, ఆ సన్నటి కాళ్ళు, పడతారేమోనని నేను భయపడటం. కోపం నిలవదు. మర్నాడు మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు నా వంతు. ఇది ఎవరికీ చెప్పలేదు.

మా ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి ఉండేది, చూసే ఉంటారు. రోజుకెన్నిసార్లు కదిలిందో గుర్తుపెట్టే కాగితం. తగ్గితే వెంటనే ఆసుపత్రికి రావాలని కింద ఎర్ర ఇంకుతో రాసింది నేనే. మీరు డాక్టరు కాదు. నేను నర్సుని. మీ మాట కోసం నేను ఆగనక్కర్లేదు. ఆ సాయంత్రం నాకు భయమేసింది. వెళితే ఏం చెబుతారో అని. ఎవరైనా "పొద్దున చూద్దాం" అంటే బాగుండునని నా లోపల ఎక్కడో ఉంది. మీరు అన్నారు. అన్న మనిషి మొహం కూడా చూడకుండా ఆ మాట పట్టుకుని పడుకున్నాను. రెండోసారి అడగలేదు. అడిగితే మారుస్తారేమోనని అడగలేదు.

పేగు మెడకి చుట్టుకుందని డాక్టరు చెప్పింది. ఎప్పుడు ఆగిందో చెప్పలేమంది. ఆ సాయంత్రానికే అయిపోయిందేమో, తెల్లారుజామునేమో. ఎవరూ చెప్పలేరు. చెప్పలేరనేది ఓదార్పని అందరూ అంటున్నారు. నాకైతే కాదు.

ఆయనకి చెప్పాలో వద్దో నేను చెప్పలేను. మీ కొడుకు.

కుండీ బాల్కనీలోంచి లోపలికి తెచ్చాను. ఎందుకని అడక్కండి.

ఫేబా


మొగల్తూరు
29 ఆగస్టు 2024

తల్లీ ఫేబా,

చెప్పాను.

వాడు గడ్డం పెంచాడు. పెదాలు కనపడక వాడేమంటున్నాడో నాకు పట్టుబడటం లేదు. అందుకని నీ జూన్ ఉత్తరమూ, నేను నీకు రాసిన జవాబు చిత్తు ప్రతీ వాడి ముందు పెట్టి వంటింట్లోకెళ్ళిపోయాను. చాలాసేపటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఏదో అన్నాడు. "కనపడటం లేదు నాయనా" అన్నాను. అప్పుడు వాడికి తెలిసింది చూడు, అది నిజంగా ఎలా ఉంటుందో. క్యాలెండరు కాగితం చింపి వెనక రాశాడు.

"ఎందుకు చెప్పలేదమ్మా?"

"నీ పిల్లని ఎత్తుకోనివ్వవని" అన్నాను.

వాడు కాగితం నేల మీద పెట్టుకున్నాడు. మళ్ళీ రాశాడు. "ఆ రోజు నాకూ చెప్పింది. నాకు చెవులున్నాయి. నేను అన్నానికి కూర్చున్నాను." ఆ కాగితం నా దగ్గరే ఉంది. నీకు పంపుదామనుకున్నాను. పంపలేకపోయాను. వాడి చేతిరాత అదొక్కటే ఉంది నా దగ్గర.

నాలుగో రోజున బ్యాగు సర్దుకున్నాడు. పాత స్నేహితుడెవరో సౌదీలో, దమ్మాంలో పని ఉందన్నాట్ట. మస్కట్ వెళ్ళమని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "దాని మొహం చూడలేనమ్మా, నీ మొహమూ చూడలేను, నా మొహం అద్దంలో చూడలేకే గడ్డం పెంచాను" అన్నాడు. ఇది మాత్రం దగ్గరికొచ్చి, గట్టిగా, ఒక్కో అక్షరం విడదీసి చెప్పాడు. దమ్మాం వెళ్తున్న సంగతి నీకు నన్ను రాయమన్నాడు. నేను రాయను, నీ భార్యకి నువ్వే చెప్పు అన్నాను. చెప్పి ఉంటాడో లేదో. అందుకే రాస్తున్నాను.

అన్నం వండాను. ముట్టుకోలేదు.

పోయిన ఆదివారం స్త్రీల కూడికలో లేచి నిలబడి ఒప్పుకున్నాను, నాకు చెవులు వినపడవు, ఇన్నేళ్ళూ మిమ్మల్ని మోసం చేశాను అని. ఎవరూ ఆశ్చర్యపోలేదు. రాములవ్వ అని, తెలంగాణ నుంచి కూతురింటికొచ్చి ఇక్కడే ఉండిపోయిన ముసలామె, నా ఎదురుగా వచ్చి మూతి బాగా తెరిచి అంది. "మాకెర్కనే అమ్మగారూ. గందుకే నీ ముందట్కి వచ్చి మాట్లాడ్తం." ఊరందరికీ తెలుసట. బస్సు కండక్టరుకీ తెలుసట. పదకొండేళ్ళుగా దూరాన ఉన్న నా కొడుక్కి ఒక్కడికే తెలియదు.

ఫేబా, నీకింకా ముప్పై రెండే. వాడి కోసం ఆగకు. నా కోసం అసలే ఆగకు. నాకు ఉత్తరాలు రాయాలన్న ఋణమేమీ నీకు లేదు. మొక్క సంగతి ఇకమీదట నేను ఎత్తను.

జ్ఞానాంబ


రువి, మస్కట్
15 నవంబరు 2024

అత్తయ్య గారికి,

దాదాపు నాలుగు నెలలు రాయలేదు. రాయకూడదనే అనుకున్నాను.

మీ అబ్బాయి సెప్టెంబరులో మెసేజ్ పెట్టారు. నాలుగు లైన్లు. విడాకుల కాగితాలు పంపిస్తే సంతకం పెడతానని, నేను ఏం అడిగినా కాదననని. ఏమీ అడగలేదు. ఒక్కటి మాత్రం అడిగాను, పాపని ఎక్కడ పెట్టారో ఆ వరస నంబరు. ఆ రోజు నేను ఆసుపత్రిలో ఉన్నాను, ఆయనా పాస్టరు గారూ ఇద్దరే వెళ్ళారు కదా. నంబరు వెంటనే పంపారు. ఆయనకి కంఠతా ఉన్నట్టుంది.

అల్ మవాలే ఇల్లు ఖాళీ చేసి రాహిల్‌తో రూమ్‌కి మారాను. కుండీ మా యూనిట్ రిసెప్షన్లో పెట్టాను. క్లీనింగ్ చేసే సర్దార్ నీళ్ళు పోస్తాడు. మొదట్లోంచి చిగురేసింది, ఇప్పుడు బల్ల కింది దాకా వేలాడుతోంది. బతికిందని నాకు సంతోషమూ లేదు, బాధా లేదు. మీరు అడగనన్నారు గానీ తెలిస్తే బాగుంటుందని రాశాను.

మొన్న పన్నెండో తారీఖుకి ఏడాది. సెలవు పెట్టి శ్మశానానికి వెళ్ళాను. చుట్టూ నల్లటి రాతి కొండలు, మధ్యలో కంకర నేల. ఒక్క చెట్టు లేదు. చిన్నపిల్లల వరస చివరన ఉంది. నంబరు పట్టుకుని రెండుసార్లు దాటిపోయాను. ఎంత చిన్నదో చూడలేదు కదా ఎప్పుడూ, పెద్దవాళ్ళ కొలతలో వెతుకుతున్నాను. దొరికాక ఏం చెయ్యాలో తెలియలేదు. కూర్చుందామంటే కంకర కాలుతోంది. నా బ్యాగులోని నీళ్ళ సీసా మూత తీసి సగం పోశాను. నేల పీల్చేసుకుంది. ఇంకేం తేలేదు. ప్రార్థన రాలేదు. మీరుంటే చేసేవారు అనుకున్నాను. ఆ తలంపు వచ్చినందుకు నామీద నాకే కోపమొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

ఆ కొండల మధ్య నా పక్కన ఎవరుంటే బాగుండునని ఆలోచిస్తే మీరే కనపడ్డారు. మిమ్మల్ని క్షమించానని కాదు. ఆ మాట నాకింకా రావడం లేదు. కానీ మీకు కాక ఇంకెవరికి రాయను, "ఈరోజు నా పాప దగ్గరికి వెళ్ళాను" అని?

భీమవరంలో చెవి డాక్టరుకి చూపించుకోండి. మిషన్ పెట్టించుకోండి. రాహిల్ వాళ్ళ అన్నయ్య కారు తీసుకొస్తాడు, అన్నీ మాట్లాడాను. కాదనకండి. నాకోసం కాదు, ఎవరైనా వెనకనుంచి పిలుస్తారు.

ఫేబా


మొగల్తూరు
7 జనవరి 2025

ఫేబాకు జ్ఞానాంబ రాయునది.

ఫోన్లో చెప్పలేకపోయినది కాగితం మీద పెడుతున్నాను. అలవాటు పోలేదు.

మిషన్ పెట్టిన రోజు భీమవరం వీధిలోకి వచ్చి కూలబడ్డాను. ఇంత చప్పుడు మధ్య మీరందరూ ఎలా బతుకుతున్నారమ్మా? ఇంటికొచ్చాక నా చెప్పుల చప్పుడుకి నేనే వెనక్కి తిరిగి చూశాను. గోడ గడియారం కొట్టుకుంటోంది. ఎనిమిదేళ్ళుగా దానికి బ్యాటరీలు మారుస్తున్నాను, అది చప్పుడు చేస్తుందన్నదే మరిచిపోయాను.

ఆదివారం ఆరాధన అయ్యాక నువ్వు ఫోను చేశావు. "అత్తయ్యా" అన్నావు. నీ గొంతు అలా ఉంటుందని నాకు తెలియదు ఫేబా. నాలుగు నెలలు నీ ఇంట్లో ఉన్నాను, నీ పెదాలే చూశాను. కాస్త బొంగురుగా, చిన్నపిల్ల గొంతులా ఉంది. ఆ తర్వాత నువ్వు ఏడ్చావు. ఆపుకుంటూ ఏడుస్తున్నావు, నాకు వినపడదనుకుని. ఏడుపు మధ్యలో "లేచొచ్చి మీ భుజం పట్టుకుని చెప్పాల్సింది" అన్నావు. ప్రతి అక్షరమూ వినపడింది. నేను కూడా ఏడుస్తున్నానని నీకు తెలిసిందో లేదో.

నువ్వు పెట్టేశాక మిషన్ తియ్యలేదు. అరుగు మీద కూర్చున్నాను. కాకి, పంపుసెట్టు, పక్కింటి మిక్సీ, దూరాన రైలు, అన్నీ వినపడుతున్నాయి. లెవి చెయ్యలేదు, అయినా వాడు చేస్తే మోగుతుందని ఫోను ఒళ్ళోనే పెట్టుకున్నాను. నేను వినాల్సింది ఒకే ఒక్క మాట, అది ఆ సాయంత్రమే అయిపోయింది. ఇక ఎన్ని వినపడినా అది రాదు. ఆ సంగతి నాకు తెలుసమ్మా. నువ్వు క్షమించకపోయినా సరే.

నువ్వు లెక్కపెట్టే వారాలు ఆపకు. నాకు కూడా చెప్పు, నేనూ రాసుకుంటాను.

వచ్చే ఆదివారం మళ్ళీ చెయ్యి. మాట్లాడలేకపోతే మాట్లాడకు. ఊరికే ఫోను పట్టుకుని ఉండు. నేను వింటూ కూర్చుంటాను.

జ్ఞానాంబ